అమూల్య వంతు

“నువ్వూ వచ్చెయ్ కాత్యా, వంటకి ఇబ్బంది ఉండదు” అన్నారు మా ఆయన. నేనప్పుడు ఇడ్లీ రేకుల చిల్లుల్లో ఎండిపోయిన పిండిని పుల్లతో పొడిచి తీస్తున్నాను. తండ్రీకూతుళ్లు దున్నపోతుల వేటకి వెళ్తున్నారు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన మేముండే డార్విన్ నుంచి తూర్పుగా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఒక పెద్ద పశువుల స్టేషన్‌లో, అంటే వేల ఎకరాల పశువుల క్షేత్రంలో, అడవి దున్నలు మందలుగా తిరుగుతుంటాయి. డబ్బు కట్టినవాళ్లని గైడ్ దగ్గరుండి తీసుకెళ్లి ఒక దున్నని కాల్చనిస్తాడు. అమూల్యకి పదహారేళ్లు నిండాయని వాళ్ల నాన్న ఇస్తున్న కానుక అది. పదహారేళ్ల పిల్లకి పట్టు లంగా ఓణీ కొనిపెట్టే ఇళ్లలో పుట్టినవాళ్లం మేము. దున్నని కొనిపెట్టడం మా రెండు వంశాల్లోనూ ఇదే మొదలు.

ఈ తుపాకీ పిచ్చి మొదట మా ఆయనది కాదు. అమూల్య స్కూల్లో స్నేహితురాలితో కలిసి రైఫిల్ క్లబ్బులో చేరింది. కొన్నాళ్లకి ఆ అమ్మాయి మానేసింది, మా అమ్మాయి మానలేదు. “ఆడపిల్లకి తుపాకీ ఏవిటి? నలుగురూ ఏమనుకుంటారు? నీ పెంపకం ఇట్లా ఏడ్చింది” అని ఆయన నన్ను కోప్పడ్డారు. జూనియర్లలో కప్పు తెచ్చుకున్న రోజున మాత్రం ఆ ఫొటో ఆయనకున్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ వెళ్లింది, కింద “మై డాటర్” అని రాసి మరీ. మా ఇంట్లో అమూల్య కప్పు తెస్తే ఆయన కూతురు, గది సర్దుకోకపోతే నా కూతురు. తర్వాత ఆయనా లైసెన్సు తీసుకున్నారు, ఆయనా ఒక రైఫిల్ కొన్నారు, యూట్యూబులో వేట వీడియోలు చూసి అమూల్యకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. పిల్ల తలూపుతూ వినేది.

వంటమనిషిగా పిలిచారే అని బాధపడాలి కదా. పడ్డాను కూడా, ఆ రేకులు తోమినంతసేపూ. కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా తలుపేసుకుంటే లోపల ఏం చేస్తున్నారో తెలుసుకుంటే గానీ నిద్ర పట్టదు. ఇక్కడి మగవాళ్లంతా పిల్లల్ని తీసుకుని చేపలకనీ, పందులకనీ, దున్నలకనీ అడవిలోకి పోతారు. వచ్చి ‘బాండింగ్’ అంటారు. ఏముంటుంది ఆ అడవిలో? మా భోజనాల బల్ల దగ్గర దొరకనిది, తుపాకీ పట్టుకుని అంత దూరం పోతే దొరికేది ఏమిటి? మా బల్ల దగ్గర తండ్రీకూతుళ్ల మధ్య నడిచే సంభాషణంతా “స్కూలెట్లా ఉంది?” “గుడ్, డాడ్” దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. అడవిలో ఏం మాట్లాడుకుంటారో చూడాలని నాకు నిజంగా కోరిక పుట్టింది. వంటకి పిలిచినా సరే, పిలుపు పిలుపే కదా అనుకుని “వస్తాను” అన్నాను.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. గైడ్ కాల్చనిచ్చేది ఒకే ఒక్క దున్నని. అది అమూల్యది. బుక్ చేసిన రోజు ఆయనే అన్నారు, “నీ దున్నని నువ్వే వెయ్యాలి బంగారం” అని. రెండు వారాలు గడిచేసరికి అది “మన దున్న” అయింది. ఒక సాయంత్రం, మెల్‌బోర్న్‌లో క్లైడ్ నార్త్ వైపు ఉండే స్నేహితుడు చలపతితో ఫోన్లో, “వచ్చే వారం దున్నని వేస్తున్నా బ్రో, కొమ్ములు హాల్లో పెట్టిస్తా” అంటుంటే అమూల్య విన్నది. వంటింట్లోకొచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది.

“అమ్మా, ఇట్స్ స్టిల్ మైన్, రైట్?”

“నీదేనమ్మా. నీకే కదా ఇచ్చారు.”

“నువ్వు చెప్తావా డాడ్‌కి? ఇఫ్ హి…”

“ఆయనకెవరూ చెప్పక్కర్లేదు, ఆయనకి తెలుసు” అన్నాను. తను నా మొహంలోకి కాసేపు చూసి “ఓకే” అని వెళ్లిపోయింది. నమ్మినవాళ్లు అనే ఓకే కాదు అది. ఈ పిల్ల తనకున్న ఒక్క దున్నని దక్కించుకుంటుందా లేదా అన్నది అప్పటి నుంచీ నా ప్రాణానికి పట్టుకుంది. దున్న మీద నాకేం మోజు లేదు. పిల్ల మీద ఉంది.

గైడ్ పేరు గ్రెగ్. అతను పంపిన మెయిల్‌ని మా ఇంట్లో చదివినదాన్ని నేనొక్కదాన్నే. దున్నలకి చూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం గొప్పది, కాబట్టి ఒంటికి గానీ బట్టలకి గానీ సువాసనలు వద్దు, బట్టల్ని వంటసోడాతో ఉతకండి అని రాశాడు. ముగ్గురి బట్టలూ సోడాలో నానబెట్టి ఉతికాను. డార్విన్‌లో ఆ రోజుల్లో వాన రాదు, ఉక్క వస్తుంది. ఉతికిన బట్ట ఆరడం మానేసి చెమట పట్టినట్టు వేలాడుతుంటుంది. వరండాలో తిప్పి తిప్పి ఆరేసి, చెట్ల ఆకులూ బంకా అంటకుండా మడతపెట్టాను. పులిహోర పొడి, కందిపొడి, టమాటా పచ్చడి, చపాతీలు, ఆయన మాత్రలు, ఆయన తలగడ (వేరే తలగడ మీద ఆయనకి నిద్ర పట్టదు), అమూల్య కళ్లజోడు, దోమల మందు, అదీ వాసన లేనిదే. ఆయన తన సామాను తానే సర్దుకున్నానని చలపతికి చెప్పారు. ఆయన సర్దుకున్నది రైఫిల్.

ఇక్కడి స్కూలు సెలవుల్లోనే దసరా పడింది గనక ఆయుధపూజ కూడా కలిసొచ్చింది. తెనాలి నుంచి మా అత్తగారు శేషుకుమారి వీడియో కాల్లో దగ్గరుండి జరిపించారు. ఇన్నేళ్లూ కారుకీ, లాప్‌టాప్‌కీ, నా మిక్సీకీ బొట్లు పెట్టి సరిపెట్టుకున్నాం. “ఇన్నాళ్లకి మన ఇంట్లో అసలైన ఆయుధం అమిరిందిరా అబ్బాయ్” అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పళ్లెంలో పసుపూ కుంకుమా గంధం సర్దింది నేను, బొట్లు పెట్టింది ఆయన. చెయ్యి ధారాళం, రైఫిల్‌కి ఇటు చివర నుంచి అటు చివరకి పెట్టారు. “నువ్వు కాల్చేటప్పుడు వీడియో తీయించి పంపు నాన్నా” అన్నారు ఆవిడ. “కాల్చేది అమూల్య అత్తయ్యా” అన్నాను నేను వెనక నుంచి. “అదేలే. పిల్ల చెయ్యి పట్టుకుని కాల్పించేది వాడేగా” అన్నారు. అమూల్య పక్కనే హారతి కళ్లకద్దుకుంటోంది. తెలుగులో జవాబు చెప్పదు గానీ తెలుగు అర్థం కాని పిల్లేం కాదు.

స్టేషన్ చేరిన సాయంత్రం గ్రెగ్ మమ్మల్ని ఒక ఎర్రమట్టి గట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఎవరెలా కాలుస్తారో చూస్తానన్నాడు. యాభై దాటినవాడు, ఎండకి బెరడు కట్టిన మొహం, మాట్లాడితే నోరు అరిగిపోతుందన్నట్టు ఉంటాడు. రైఫిల్ అందుకుని పైన గురిచూసే గొట్టంలోంచి చూసి ఆగిపోయాడు. “ఇందులో అంతా ఎర్రగా ఉందేంటి మేట్, రక్తమా?” అన్నాడు. కుంకుమ. అద్దం మీద గుండ్రంగా, ముత్తయిదువ నుదుటి మీదున్నట్టు ఉంది. మా ఆయన నవ్వేసి, నా వైపు తిరిగి “చూసుకోవద్దూ కాత్యా?” అన్నారు. నేనే పెట్టినట్టు నా మొహం కూడా ఎర్రబడింది, అదేం అలవాటో. గ్రెగ్ మెత్తటి గుడ్డతో అద్దం తుడిచాడు. అమూల్య గుండ్లు గట్టుకి ఆనించిన అట్టముక్క మధ్యలో ఒకదాని పక్కన ఒకటి దిగాయి, అన్నింటినీ ఒక అరచేత్తో మూసేయొచ్చు. మా ఆయనవి అట్ట మీద తలా ఒక మూలకి పోయాయి. ఎండ కళ్లలో పడిందన్నారు. ఎండ ఆయన వీపు మీద ఉంది.

రాత్రి మాంసం కాల్చే బార్బీ పొయ్యి దగ్గర గ్రెగ్ మర్యాదకి నన్ను, మీరేం చేస్తుంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయనే చెప్పారు. “ఇంట్లో గిన్నెలు తోముతుంది, హాస్పిటల్‌కెళ్లి అక్కడా తోముతుంది.” ఇది ఆయనకి బాగా నచ్చిన జోకు, తెలుగు అసోసియేషన్ పిక్నిక్కుల్లో ఏటా వేస్తారు. ఆపరేషన్ థియేటర్లో వాడే పరికరాల్ని కడిగి, సూక్ష్మజీవి మిగలకుండా ఆవిరిపట్టి, మళ్లీ పొట్లాలు కట్టి పంపే విభాగంలో నాది ఉద్యోగం. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి ఇందులోకొచ్చాను. ఆ పని నాకిష్టం. పిక్నిక్కులో మిగతా ఆడవాళ్లు నవ్వాలా వద్దా అని నా వంక చూస్తారు, నేను ముందు నవ్వితే వాళ్లూ నవ్వుతారు. గ్రెగ్ నవ్వలేదు. జోకు అర్థం కాలేదనుకుని మా ఆయన మళ్లీ చెప్పారు.

మర్నాడు విజయదశమి. ఇంకా వెలుతురు రాకముందే ఆయన స్నానం చేసి, ఫోన్లో అమ్మవారి ఫొటో పెట్టుకుని గుడారంలో అగరొత్తులు వెలిగించారు. నుదుటి మీద ఇంత గంధం, మెడకి అత్తరు. అత్తగారు పంపిన సీసా అది, శుభకార్యాలకి వాడమన్నారు.

“వాసనలు వద్దన్నాడు కదండీ” అన్నాను.

“దేవుడి వాసనకి దున్నలు పారిపోతాయా? నువ్వు మరీ చెప్తావు.”

గ్రెగ్ ముందు, ఆయన, అమూల్య, చివరన నేను, నీళ్లసీసాల సంచితో. ఎండిన గడ్డిలో చాలాసేపు నడిచాక మడుగొకటి కనబడింది. మొసళ్లుంటాయని గ్రెగ్ మమ్మల్ని నీటికి దూరంగానే ఆపాడు. అవతలి ఒడ్డున మంద. అంతలో గాలి మా వీపు మీద నుంచి అటు తిరిగింది. ఒక ఆడగేదె మూతి పైకెత్తింది, పెదవి ముడిచింది, అంతే. మందంతా నేల అదిరేట్టు లేచి చెట్లలోకి పోయింది. గ్రెగ్ నిలబడి ముక్కు ఎగబీల్చి, ఎవరో ఏదో పూసుకొచ్చారే అన్నాడు.

“మై వైఫ్. హెయిర్ ఆయిల్” అన్నారు మా ఆయన, తడుముకోకుండా.

సోడాతో రుద్ది రుద్ది నా జుట్టు అప్పటికి కొబ్బరిపీచులా ఉంది. అమూల్య అంది, “నో డాడ్, అది నీ శాండల్ స్టఫ్.” ఆయన ఒక్కసారి వెనక్కి చూశారు. “పెద్దవాళ్ల మీద చెప్పడం ఎవరు నేర్పారు నీకు?” పిల్ల కళ్లు దించుకుని “సారీ డాడ్” అంది. ఆ సారీని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. గొంతు తనదే, సారీ నాది. తప్పు లేకపోయినా గొడవ పెరగకుండా ముందే చెప్పిపడేసే సారీ. పాలతో పాటు ఇది కూడా పోశానా అని నాకు చెప్పలేనంత భయం వేసింది. గ్రెగ్ ముగ్గురినీ మొహాలకీ మెడలకీ బురద పూసుకోమన్నాడు. మా ఆయన గంధం బురద కింద అణిగిపోయింది.

మధ్యాహ్నం ఎండలో ఇంకో మడుగు దగ్గర, మనిషెత్తు చెదలపుట్ట చాటున మమ్మల్ని కూర్చోబెట్టాడు గ్రెగ్. గాలి నీటి వైపు నుంచి మా మొహం మీదికి వీస్తోంది. ఇక కదలొద్దు, మాట్లాడొద్దు, వస్తే వస్తాయి, లేకపోతే లేదు అన్నాడు. వేటంటే పరిగెత్తడం అనుకున్నాను నేను. ముప్పాతిక భాగం కూర్చోవడమే. మా ఆయన పదే పదే కాళ్లు మార్చారు, ఫోన్ చూశారు, గొంతు సవరించుకున్నారు, ఈగని కొట్టబోయి తన చెంపనే కొట్టుకున్నారు. నాకు మాత్రం ఆ కూర్చోవడం చక్కగా వచ్చేసింది. “యువర్ మిసెస్ ఈజ్ గుడ్ ఎట్ దిస్” అని గొణిగాడు గ్రెగ్. “ఎట్ హోమ్ ఆల్సో, నో నాయిస్” అన్నారు ఆయన గర్వంగా. నిజమే. పొద్దున్నే ఆయన నిద్ర చెడకుండా కుక్కర్ మూత తీయడం, తలుపు గడియ గుడ్డతో పట్టుకుని జరపడం, కారు హారన్‌ని బట్టి ఆయన ఏ మూడ్‌లో వచ్చారో కనిపెట్టడం, గది గాలి ఎటు వీస్తోందో చూసి మాటని ఆపుకోవడం నేర్చుకుని ఇరవై ఏళ్లయింది. ఇదంతా వేటగాళ్ల విద్య అని నాకెవరూ చెప్పలేదు.

ఆ ఇరవై ఏళ్లలో చేతిలో ఏ పనీ లేకుండా అంతసేపు నేను కూర్చోవడం కూడా అదే మొదటిసారి. మొదట చేతులకి దురద పుట్టింది, ఏదో ఒకటి మడతపెట్టాలని. తర్వాత అదీ పోయింది. అప్పుడు గేదెలు వచ్చాయి, పిల్లలతో ఆడగేదెలు. నేను గేదెలున్న ఇంట్లో పెరిగాను. వాటి నడక నాకు తెలుసు, తలొంచుకుని, కాళ్లీడ్చుకుంటూ, ఎవరో వెనక నుంచి తోలుతున్నట్టు. ఇవలా లేవు. తలలు పైకెత్తి, చెవులు నిక్కించి, నీళ్లలోకి తమ సొంత మడుగులోకి దిగినట్టు దిగాయి. ఎప్పుడో వీటి తాతముత్తాతల్ని ఓడల్లో పని కోసం తెచ్చారట, తెచ్చినవాళ్లు ఇక్కడ బతకలేక వదిలేసి పోతే ఇవి అడవిలోకి పోయి ఇలా బలిశాయట, ముందురోజు రాత్రి గ్రెగ్ చెప్పాడు. పాలు పితికేవాళ్లు లేని గేదె ఎలా ఉంటుందో నాకు ఇంతవరకూ తెలియదు. దూడ తప్ప ఇంకెవరూ పొదుగు ముట్టుకోని గేదె. ఒకటి నా వైపే చూస్తూ చాలాసేపు నమిలింది. దాని రోజంతా అది ఏం చేస్తుంది? ఏం తోస్తుంది దానికి? అడగాలనిపించింది, నిజంగా.

అవి వెళ్లిపోయి, ఎండ కొంచెం పచ్చబడ్డాక, తెల్లబెరడు చెట్ల మధ్య నుంచి ఒక్కటే వచ్చింది. పోతు. కొమ్ములు రెండూ చాచిన చేతుల్లా వెడల్పుగా ఉన్నాయి. గ్రెగ్ మూడు కాళ్ల కర్రని అమూల్య ముందు నిలబెట్టాడు. తను లేచి, రైఫిల్‌ని దాని మీద ఆనించి, చెంప ఆనించింది. దున్న నీళ్ల అంచున ఆగింది, మాకు ఎదురుగా. ఎదురుగా ఉంటే కాల్చొద్దనీ, పక్కకి తిరిగి భుజం కనబడేదాకా ఆగమనీ, లేకపోతే అది చావకుండా దెబ్బతిని పొదల్లో నరకం అనుభవిస్తుందనీ గ్రెగ్ పొద్దున్నే చెప్పాడు. పిల్ల ఆగింది.

“కాల్చు” అన్నారు మా ఆయన, చెవిలో.

పిల్ల ఆగింది.

“కాల్చు, పోతుంది. ఇంకా చూస్తావేంటి? కొంచెం పైకి పట్టు. పైకి. ఊపిరి బిగబట్టు. అట్లా కాదు.”

“డాడ్, ప్లీజ్.” అమూల్య భుజం వణకడం మొదలైంది. అంతవరకూ వణకలేదు.

“భయమేస్తోందిలే, తెలుస్తూనే ఉంది. పర్లేదు, ఇటివ్వు” అని ఆయన చెయ్యి చాచారు, అరచెయ్యి పైకి పెట్టి. గ్రెగ్ ఆ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. గుండు ఎక్కించిన తుపాకీ ఊరికే చేతులు మారడానికి వీల్లేదు, కాల్చేదెవరో మీ ఇంట్లో వాళ్లు తేల్చుకోండి, తొందరగా, అని పళ్లమధ్య నుంచి అన్నాడు. అని దున్న వైపు తిరిగిపోయాడు.

తండ్రీకూతుళ్లిద్దరూ నా వైపు చూశారు. అలా చూడటం మా ఇంట్లో ఆనవాయితీ. వాళ్లిద్దరికీ పడనప్పుడు తీర్పు చెప్పేది నేనే, ఆ తీర్పు ఏమిటో ముగ్గురికీ ముందే తెలుసు. “ఇచ్చెయ్యి తల్లీ, నాన్న అలిసిపోయొచ్చారు.” ఆయన కళ్లలో అప్పుడే ఆ ధీమా ఉంది. నేను ఆ చాచిన చేతిని చూస్తున్నాను. ఆ అరచెయ్యి నాకెంత బాగా తెలుసో. మా ఊళ్లో కేసువరీనా రౌండబౌట్ కూడలి దగ్గర నేను కారు ఆపేస్తే వెనక కార్లు హారన్ కొడుతుండగా తాళాల కోసం చాచిన చెయ్యి. నా మొదటి జీతం పడ్డాక బ్యాంకు కార్డు కోసం చాచిన చెయ్యి. ఉగాది కార్యక్రమంలో నేను మైకు ముందు ఒక్క క్షణం మాట మర్చిపోతే వేదిక మీదికి వచ్చి మరీ చాచిన చెయ్యి. “ఇటివ్వు, నీకు రాదు.” ఏ రోజూ లాక్కోలేదు ఆయన. అలా చాచేవారు, నేను పెట్టేసేదాన్ని. నాకు రాదనే అనుకునేదాన్ని. ఇంకొంచెంసేపు నా చేతుల్లోనే ఉంటే వచ్చేదేమో అన్న ఆలోచన, ఆ చెదలపుట్ట వెనక, మొహమంతా ఎండిన బురదతో కూర్చున్నప్పుడు వచ్చింది. ఇప్పుడు ఆ అరచెయ్యి నా కూతురి ముందు ఉంది. పిల్ల వేళ్లు అప్పటికే కాస్త సడలాయి. అది చూసి నాకు కోపం వచ్చింది. ఎప్పుడూ వచ్చే కోపం కాదు, ఒళ్లంతా చల్లబరిచే కోపం.

“ఇవ్వకు” అన్నాను. “ఇది నీ వంతు.”

తిండి చల్లగా ఉంచే ఎస్కీ పెట్టె నోరు తెరిచి మాట్లాడినట్టు చూశారు మా ఆయన నన్ను. “కాత్యా” అన్నారు. నేను ఆయన్ని చూడలేదు, పిల్లనే చూశాను. ఆయన చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది, తర్వాత ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాలి మీదికి వెళ్లింది. అమూల్య మళ్లీ చెంప ఆనించింది. ఇక ఏమవుతుందో నాకు తెలియదు. కాలుస్తుందో, దించేస్తుందో, ఏడుస్తుందో. మా ఇంట్లో తర్వాతి క్షణం ఏం జరుగుతుందో నాకు తెలియకపోవడం ఎంత విచిత్రంగా ఉందని! భయంగానూ ఉంది, చిన్నప్పుడు మొదటిసారి కాలువలోకి దూకే ముందులా హుషారుగానూ ఉంది. దున్న నీళ్లు తాగింది. తలెత్తింది. మూతి నుంచి నీళ్లు కారుతుండగా, ఏ తొందరా లేకుండా, పక్కకి తిరిగింది. పిల్ల భుజం ఇప్పుడు రాయిలా ఉంది. చప్పుడు నా పక్కటెముకల్లో తగిలింది.

అది నాలుగడుగులు వేసి, మోకాళ్ల మీద కూలి, పక్కకి ఒరిగిపోయింది. గ్రెగ్ చాలాసేపు చూసి, తల పంకించి, “దట్స్ యువర్ బుల్, యంగ్ లేడీ” అన్నాడు. దగ్గరికి వెళ్లాక అమూల్య దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి నిశ్శబ్దంగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చిన్నప్పుడు మా దొడ్లో చచ్చిపోయిన గేదె గుర్తొచ్చి. ఇద్దరం ఏడుస్తున్నాం గానీ, ఇద్దరిలో ఎవరికీ అది జరగకుండా ఉంటే బాగుండునని లేదు. అది ఎలా సాధ్యమో నాకింకా అర్థం కాలేదు. మా ఆయన కొమ్ము పట్టుకుని ఒక ఫొటో దిగారు. రైఫిల్ మాత్రం అడగలేదు.

గుడారాలకి తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతోంది. దారి పొడుగునా ఆయన నోరు విప్పలేదు. ఇది ఆయన శిక్ష. మౌనవ్రతం అంటుంది అమూల్య, తనకి ఇష్టంగా వచ్చిన కొన్ని తెలుగు మాటల్లో అదొకటి. అది ఎప్పుడూ ఒక్కలాగే ముగుస్తుంది. నేను వెళ్లి ఫిల్టర్ కాఫీ కలిపి, ఆయన మోచేతి దగ్గర పెట్టి, “ఇంకా కోపమేనా?” అంటాను. నేను చేసిన తప్పేమిటో చెప్పకుండానే ఆయన నన్ను క్షమిస్తారు. ఈ కాఫీ పెట్టడం ఒక గంట ఆలస్యమైతే ఏమవుతుందో ఇంతవరకూ ఎప్పుడూ చూడలేదు. ఒక రోజు ఆలస్యమైతే? ఆయన తన మడత కుర్చీలో మాకు వీపు పెట్టి కూర్చుని, చల్లారిన పొయ్యి వైపు ఒకసారి, డికాషన్ అందులో ఉందా అన్నట్టు ఎస్కీ వైపు ఒకసారి చూశారు. పెద్దగా నిట్టూర్చారు. మాకు వినబడాలనే.

నా పక్కన కూర్చున్న అమూల్య లేచింది. పొద్దున్న బూట్లకంటిన ఎర్రమట్టి, చెంప మీద ఎండిన బురద, భుజం మీద రైఫిల్ తన్నిన చోట కమిలి నీలమవుతోంది.

“ఎక్కడికి?” అన్నాను.

“డాడ్‌కి కాఫీ” అంది గొంతు తగ్గించి. “నేను పెడతాను అమ్మా. ఐ విల్ జస్ట్ సే సారీ.”

నేను తన చెయ్యి పట్టుకుని కిందికి లాగాను.

“కూర్చో” అన్నాను. “కదలకు. ఏం చేస్తారో చూద్దాం.”